ఖాళీ గడికి పచ్చ టిక్కు

మా ఆఫీసులో ఎవరు ఏం కొత్తగా తయారు చేసినా ముందు నా బల్ల మీదికి వస్తుంది. మెచ్చుకోవడానికి కాదు, చంపడానికి. నా చేతిలో చావనిది బయటికి వెళ్తుంది. ఈ ఉద్యోగానికి ఇంగ్లీషులో మర్యాదైన పేరొకటి ఉంది కానీ, చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న పేరే నాకు సరిపోతుంది: నోటిదురుసు. పెళ్లిచూపుల్లో ఆ గుణం చూసి కాఫీ కూడా ముగించకుండా లేచిపోయినవాళ్లున్నారు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని మాత్రం అదే గుణానికి నెలనెలా జీతం ఇస్తున్నాడు.

కంపెనీ అంటే అద్దాల మేడ ఊహించుకోకండి. లారీ టైర్లు అమ్మే దుకాణం పైన రెండు గదులు. కిటికీ తెరిస్తే బొగ్గు నుసి, మూస్తే ఉక్క. మేం పత్తి జిన్నింగు మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. రైతు పత్తి తోలుకొని మిల్లు గేటు దగ్గరికి రావాలంటే ముందు టోకెన్ ఉండాలి. ఆ టోకెన్‌ను ఊళ్లో ఎరువుల దుకాణాయన తన కంప్యూటర్‌లో తీసిస్తాడు. దుకాణాల్లో ఉండే ప్రోగ్రాములు మావి కావు, ఎవరెవరో ఎప్పుడెప్పుడో రాసినవి. అవి మా సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడాలంటే మధ్యలో ఒక ఒప్పందం ఉండాలి. పేరు ఈ గడిలో, ఊరు ఈ గడిలో, రాష్ట్రం ఈ గడిలో, పత్తి ఎన్ని క్వింటాళ్లో ఈ గడిలో అని. ఇంటర్‌ఫేస్ అంటే అంతకుమించి ఏమీ లేదు. మేం ఆ ఒప్పందాన్ని చెప్పాపెట్టకుండా మారిస్తే దుకాణాల్లో పాత ప్రోగ్రాములు నోరు మూసుకుంటాయి, రైతులు నోరు తెరుస్తారు.

కిందటి సీజన్‌లో అదే జరిగింది. మా ఆఫీసు కుర్రాడొకడు, ఒక గడి పేరు అందంగా లేదని మార్చేశాడు. ఫిర్యాదుల ఫోన్ అప్పట్లో నా బల్ల మీద ఉండేది. మరాఠీలో, హిందీలో, తెలుగులో తిట్లు తిన్నాను. వాటిలో తెలుగు తిట్లే కాస్త నాణ్యంగా ఉన్నాయి. పేరు మార్చిన మహానుభావుడు మాత్రం జ్వరమని సెలవు పెట్టాడు.

అందుకని ఈసారి ఒక టూల్ చేయించారు. పాత ఒప్పందాన్నీ కొత్త ఒప్పందాన్నీ పక్కపక్కన పెట్టి, కొత్తది పాతవాళ్ల పని ఎక్కడ చెడగొడుతుందో చెప్పే టూల్. చెడగొడితే ఎర్ర గీత, లేకుంటే పచ్చ టిక్కు. చేసిన అమ్మాయి మా దగ్గర ట్రయల్ మీద ఉంది. ఈ టూల్ నిలబడితే పర్మనెంట్ చేస్తానని, మేం సేఠ్ అని పిలిచే యజమాని ఆమెకు మాట ఇచ్చాడు. పడిపోతే ఇంటికే. నిలబడిందో పడిందో చెప్పాల్సింది నేను.

ఆ అమ్మాయి నాగపూర్‌లో ఇంజనీరింగ్ చదివింది. ఆఫీసులో మరాఠీ తప్ప మాట్లాడదు, అదీ నాగపూర్ వాళ్ల యాసలో. నాతో మాత్రం, పక్కన ఎవరూ లేనప్పుడు, నీళ్ల ఫిల్టర్ దగ్గర తెలుగు. "అక్కా, తిన్నవా?" అని మెల్లగా, దొంగసొమ్ము చేతిలో పెట్టినట్టు. ఊరేదని అడిగినవాళ్లందరికీ రాజూరా అని చెప్పింది. రాజూరాలో మా మేనమామకు ఎరువుల దుకాణం ఉంది. నా వేసవి సెలవులన్నీ అక్కడి యూరియా బస్తాల మీదే గడిచాయి. ఆ దుకాణం ఆమెకూ తెలుసు, కానీ ఊరివాళ్లకు తెలిసినట్టు కాదు. తెలంగాణ సరిహద్దులోని జివతి గుట్టల మీది నుంచి పొద్దున బస్సు దిగి, మళ్లీ బస్సు దొరికేదాకా అరుగు మీద కూర్చునేవాళ్లకు తెలిసినట్టు తెలుసు. మామయ్యను అడిగితే వాళ్ల నాన్నను ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఆ సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మంచితనం అనుకోకండి, అప్పటికి అవసరం పడలేదు.

టూల్ తెరవగానే ఒళ్లు మండింది. పచ్చ టిక్కు పడ్డప్పుడల్లా తెర నిండా రంగు కాగితాలు రాలుతున్నాయి.

"గిదేంది?"

"బాగుంటదని పెట్టిన అక్కా."

"తప్పు లేకుంటే పండుగ చేస్కుంటరా? నీ బర్త్‌డే ఎప్పుడో చెప్పు, కేక్ తెస్త. గిది తీసెయ్."

తీసేసింది. తప్పు దొరికినప్పుడు వచ్చే సందేశాలు ఇంకా ఘోరం. కోర్టు నోటీసులా మొదలై, మధ్యలో ఊపిరాడక ఆగిపోతున్నాయి.

"గిది సదివితే దుకాణపాయనకు ఏం సమజైతది?"

"దుకాణపాయన సదవడు గదక్కా. మనమే సదువుతం."

"నాకు గూడ సమజ్ కాలే. నేను సదువు రానిదాన్నా?"

"నీకు సమజైంది. ఊకె అంటున్నవ్."

నిజమే, ఊరికే అన్నాను. అయినా తిరిగి రాయించాను.

ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టాను. ఒక గడి తీసేశాను, ఎర్ర గీత వచ్చింది. గడి పేరులో ఒక్క అక్షరం మార్చాను, ఎర్ర గీత. అంకెలుండే చోట అక్షరాలు పెట్టాను. ఇష్టముంటే నింపే గడిని తప్పనిసరి చేశాను. గడిలో గడి పెట్టి, లోపలిదాన్ని మాత్రం కదిలించాను. అన్నిటికీ ఎర్ర గీతే. గడుల వరుస తారుమారు చేస్తే పచ్చ టిక్కు ఇచ్చింది, అదీ సరైనదే, వరుసతో ఎవరికీ పనిలేదు. మా ఆఫీసులో ఇంతకుముందు వచ్చిన టూళ్లు మొదటి పూటకే నా బల్ల మీద కాళ్లు చాపేశాయి. ఇది చావలేదు. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు, అక్కసు పుట్టింది. అయినా రిపోర్టులో ఉన్నదున్నట్టే రాశాను: చేసిన మనిషికి పని వచ్చు, ఈ ఆఫీసులో చాలామందికంటే ఎక్కువ వచ్చు అని.

చివరగా, రాబోయే సీజన్‌కు మేం విడుదల చేయబోయే కొత్త ఒప్పందాన్ని టూల్‌కు ఇచ్చాను. పచ్చ టిక్కు. కింద బూడిదరంగులో చిన్న మాట: రాష్ట్రం గడి ఖాళీగా వస్తే మహారాష్ట్ర అని నింపబడును.

పుస్తకం ప్రకారం ఇది తప్పు కాదు. దుకాణాల ప్రోగ్రాములు ఎప్పటిలాగే పంపుతాయి, మేం ఎప్పటిలాగే తీసుకుంటాం. ఖాళీని మేం నింపుకుంటే ఎవరి పని ఆగుతుంది? పుణెలో కూర్చుని చూసేవాళ్లెవరైనా పాస్ అని రాసి టీకి వెళ్లిపోతారు. నేనూ వెళ్లేదాన్నే, మామయ్య దుకాణంలో యూరియా బస్తాల మీద పెరగకపోతే.

గుట్టల మీది ఊళ్లను మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావే అంటాయి. అక్కడివాళ్లకు రేషన్ కార్డులు రెండు, ఓటు కార్డులు రెండు. భూమి కాగితం మాత్రం చాలామందికి ఒకటే, అదీ ఆ వైపు తెలంగాణ ఆఫీసు ఇచ్చింది. పత్తి అమ్మేది ఈ వైపు మిల్లులో. టోకెన్‌లో తెలంగాణ అని రాస్తే బయటివాడని వరుసలో చివరికి నెడతారు. మహారాష్ట్ర అని రాస్తే ఈ వైపు భూమి కాగితం చూపించమంటారు, అది లేదు. అందుకని మా మామయ్యా, రాజూరా, కోర్పనాల్లో ఉన్న మిగతా తెలుగు దుకాణాలవాళ్లూ గుట్టల రైతుకు టోకెన్ తీసేటప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా ఉంటే గేటు దగ్గర గుమాస్తా ఏ కాగితం చేతిలో పెడితే అది చూసి, బండి లోపలికి తోలమంటాడు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఎక్కడా రాసి లేదు. మహారాష్ట్ర కాదు, తెలంగాణ కాదు, ఖాళీయే వాళ్ల చిరునామా.

ఇప్పుడు ఆ ఖాళీలో మేం మహారాష్ట్ర అని నింపుతాం. గేటు దగ్గర కంప్యూటర్ దాన్ని భూమి కాగితంతో పోల్చి చూస్తుంది. కుదరదు. బండి వెనక్కి.

మర్నాడు యజమాని ముందు మీటింగ్. ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచాక అడిగాను.

"మీ నాయిన టోకెన్ల రాష్ట్రం ఖానాల ఏం రాస్తరు?"

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఎలా తెలుసని అడగలేదు. తెలివైన పిల్ల.

"ఏం రాయరు. ఖాళీ ఇడుస్తరు."

"మరి గా ఖాళీల నువ్వేం నింపినవ్?"

"నేను నింపలే. సేఠ్ నింపుమన్నడు. రిపోర్టుల ఖాళీలు కనవడితే మిల్లులోళ్లు అడుగుతున్నరంట."

"సేఠ్‌కు తెల్వది. నీకు తెల్సు. నీ టూల్ పచ్చ టిక్కు పెడ్తుంటే సూస్కుంట కూసున్నవ్."

"టూల్ తప్పు లేదక్కా. ఖాళీ అంటే ఏం చెప్పలేదన్నట్టు. కాలేజ్ల గదే నేర్పిండ్రు."

"మీ నాయిన ఏం చెప్పలేదా? అంత పెద్ద గుట్ట దిగొచ్చి?"

డబ్బా మూసేసింది. ఈసారి గొంతు మారింది, నీళ్ల ఫిల్టర్ దగ్గరి గొంతు కాదు.

"హాస్టల్ల నన్నేమనెటోళ్లో ఎర్కేనా? ఇద్దరు అత్తలున్న కోడలు అనెటోళ్లు. ఏ ఫారం నింపినా నా ఎనక నిలవడి నవ్వెటోళ్లు. నాకు గా ఖానా నిండాలె అక్కా. ఏదో ఒకటి. సేఠ్ నింపుమనంగనే సంబరంగ నింపిన. నీకేం, నీకు ఒక్కటే కార్డు. ఖాళీల బతికెటోళ్లం మేము. దాన్ని కాపాడెటోళ్లు మీరా?"

మంచి దెబ్బే. ఇంతమంది ప్రోగ్రామర్లతో తగువులాడాను, ఇంత సూటిగా ఒక్కరూ కొట్టలేదు. కానీ నేను చూడాల్సింది ఆమె కోరికను కాదు, ఆమె టూల్‌ను. టూల్ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిన్న నడిచింది రేపు నడుస్తుందా? వాళ్ల నాన్న బండి నిన్న గేటు దాటింది. రేపు దాటదు. ఇందులో సిగ్గుకు చోటెక్కడ?

అదే మాట అన్నాను.

"సరే, దిద్దుత," అంది. "నువ్వు రేపు మీటింగ్ల ఇదొక్కటి బయటికి తియ్యకు. పర్మనెంట్ కాయితం చేతికి రానీ, ఎమ్మటే దిద్దుత. మనోళ్లమే గదక్కా."

"మనోళ్లం గాకుంటే గిది నాకు కనవడకనే పోవు."

"అంటే తీస్తవ్."

"తీస్త."

ఆమె లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. మళ్లీ నా పక్కన కూర్చొని తినలేదు.

మీటింగ్‌లో నేను ఉపన్యాసం ఇవ్వలేదు. ఉపన్యాసాలకు మా యజమాని తలూపి, తను అనుకున్నదే చేస్తాడు. తెర మీద చూపిస్తేనే నమ్ముతాడు. కిందటి సీజన్‌లో గేటు దాటిన ఒక పాత టోకెన్ తీసి, అచ్చంగా అలాగే కొత్త సాఫ్ట్‌వేర్‌కు పంపాను. టూల్ పచ్చ టిక్కు. టోకెన్ చెల్లదు అని గేటు. రెండూ ఒకే తెర మీద, పక్కపక్కన.

ఏ రైతు టోకెన్ పెట్టినా ఇదే చూపించొచ్చు. నేను పెట్టింది వాళ్ల నాన్నది. ఇంకెవరిదైనా పెడితే, ఇలాంటి రైతులు ఉంటారని నాకు తెలియదు అని ఆమె అనగలదు. ఆ దారి మూయాలనే పెట్టాను.

యజమాని ఇంటిపేరు చదివాడు. ఆమె వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు.

"ఇది నీ ఇంటిపేరే కదా?" అన్నాడు మరాఠీలో.

"మా నాన్న," అంది ఆమె, మరాఠీలోనే.

"ఊరు జివతి తాలూకా అని ఉంది. నువ్వు రాజూరా అన్నావు?"

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకొని, టూల్ వేసిన పచ్చ టిక్కునే చూస్తూ ఉంది.

నేను తెర వైపు చెయ్యి చూపించి, విషయం ఊరు కాదు, గడి అన్నాను. ఈ విడుదల ఆపాలి, టూల్‌లో ఒక నియమం చేర్చాలి, ఈ అమ్మాయి చేర్చగలదు, ఆమెను మాత్రం పోగొట్టుకోవద్దు అన్నాను. ఇదంతా రిపోర్టులో కూడా రాసి ఉంది. యజమాని రిపోర్టు తెరవలేదు. ఆయన నన్ను తాయీ అంటాడు, మరాఠీలో అక్క అని.

"తాయీ, ఇలాంటివాళ్లు ఎందరుంటారు? గుట్ట మీద నాలుగు ఊళ్లు. మిల్లులవాళ్లు రిపోర్టులు శుభ్రంగా కావాలంటున్నారు. టూల్ పచ్చ అంటోందా, లేదా?"

"అంటోంది. తప్పుగా అంటోంది."

"పచ్చ అంటే పచ్చే." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "టూల్ బాగా చేశావు. కానీ ఊరు గురించే అబద్ధం చెప్పినదాన్ని పర్మనెంట్ ఎలా చేస్తాను, చెప్పు? ఇంకొన్నాళ్లు ట్రయల్‌లో ఉండు. చూద్దాం."

నేను ఫెయిల్ చేసిన టూల్ పాసయింది. నేను పాస్ చేసిన మనిషి ఫెయిలయింది. ఇంతకాలం ఈ పనిలో ఉన్నాను, నా రిపోర్టును ఇంత శ్రద్ధగా తలకిందులు చేసి అమలు చేసినవాళ్లను చూడలేదు. ఆ టూల్ అడుగున, పరిశీలించినవారు అనే చోట నా పేరు ఉంది. తీసేయమని గొడవ పెట్టాను. ఆ గడి తీసేస్తే టూల్ ఎర్ర గీత పెడుతుందట, అది తప్పనిసరి గడి అట.

ఆ రోజు నుంచి ఆమె నన్ను మేడం అనసాగింది. మాట్లాడితే మరాఠీయే, నీళ్ల ఫిల్టర్ దగ్గర కూడా. నేను తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు. నేనూ పట్టుబట్టి తెలుగులోనే అడిగాను. మా ఇద్దరిలో ఎవరు ముందు విసుగుతారోనని పక్క బల్లలవాళ్లు చూస్తూ ఉండేవాళ్లు.

పత్తి సీజన్ మొదలైంది. ఫోన్ మోగడమూ మొదలైంది. గుట్ట మీద నాలుగు ఊళ్లే కావచ్చు, నాలుగు ఊళ్ల గొంతులూ నా చెవిలోనే పడ్డాయి. ఒక రోజు పొద్దున ఎత్తితే, ఒక పెద్దాయన గాభరాగా, అయినా మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, గేటు కాడ ఆపిండ్రమ్మా. టోకెన్ల మహారాష్ట్ర అని ఉన్నదంట, కాయితంతోని కలుస్తలేదంట. నేనేడ రాపిచ్చిన? నేను గట్ల రాపియ్యలే. కిరాయి బండమ్మా, నిలవెడితే కిరాయి గుంజుతడు. జెర సూడున్రి." తర్వాత, కొంచెం గర్వంగా, "మా బిడ్డ గూడ మీ ఆఫీస్లనే పని జేస్తది," అన్నాడు.

నేను ఫోన్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చెవి దగ్గర పెట్టుకుంది. గది నిండా మనుషులున్నారు. ఆమె తెలుగులో మాట్లాడింది, గట్టిగా, గుట్ట మీద ఎలా మాట్లాడతారో అలాగే.

"నాయినా, నేనే. ఆఁ, నేనే. ఇను. గేటోనితోని కొట్లాడకు, ఆని చేతుల ఏం లేదు. కాదు, దుకాణపు మామ గూడ ఏం తప్పు చెయ్యలే... ఎవలు చేసిండ్రంటే... ఇంటికచ్చి చెప్త. బండి వాపస్ తోలకు, కిరాయి దండుగ. గేటు ముంగట దలాల్ ఉంటడు సూడు, టోపీ పెట్టుకొని. ఆనికే ఏసెయ్. ఎంతకడిగితే గంతకు. నాయినా, ఏసెయ్యి."

పత్తి దళారి పాలైంది. ఆమె ఫోన్ పెట్టేసింది. గుమ్మంలో నిలబడి వింటున్న యజమాని ముఖం మాత్రం వెలిగిపోయింది.

"ఏమ్మా, తెలుగు ఇంత బాగా వస్తుందా నీకు! ఇన్నాళ్లూ చెప్పలేదే?"

మర్నాడు ఫిర్యాదుల ఫోన్ నా బల్ల మీది నుంచి ఆమె బల్ల మీదికి వెళ్లింది. ఆమె పర్మనెంట్ అయింది. ప్రోగ్రాములు రాయడానికి కాదు, ఆ ఫోన్‌కు. టూల్ చూసుకునే పని, కిందటేడు గడి పేరు మార్చి జ్వరం తెచ్చుకున్నవాడికి ఇచ్చారు. నాకూ తెలుగు వస్తుంది కదా, నన్నెందుకు మార్చారని అడిగాను.

"మీరు ఫోన్ చేసినవాళ్లనే తిడతారు తాయీ," అన్నాడు యజమాని.

అందరూ ఆమెకు పేడా మిఠాయి తినిపించారు. తింది. నేను ఇచ్చినది కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టుకుంది. సాయంత్రానికి దానికి చీమలు పట్టాయి.

కొన్నాళ్లకు గుట్టల ఫోన్లు తగ్గాయి. మిల్లులవాళ్లు మంచివాళ్లయ్యారేమో అనుకునేంత అమాయకురాలిని కాను. టోకెన్లు తీసి చూశాను. రాష్ట్రం గడిలో ఒక చుక్క. వాక్యం చివర పెట్టే చుక్క, అంతే. మొదట పొరపాటు అనుకున్నాను, తర్వాత చూస్తే వరసగా అన్నిటిలోనూ ఉంది. చుక్క ఉంటే గడి ఖాళీ కాదు, కాబట్టి మా సాఫ్ట్‌వేర్ దాన్ని నింపదు. చుక్క అనే రాష్ట్రం లేదు, కాబట్టి గేటు కంప్యూటర్ దాన్ని దేనితోనూ పోల్చలేదు. గుమాస్తా ఎప్పటిలాగే చేతిలో కాగితం చూసి వదిలేస్తున్నాడు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను.

"దుకాణాలోళ్లకు చుక్క పెట్టుమని నువ్వే చెప్తున్నవా?"

"హో, మేడం," మరాఠీలో అవునంది.

"అది దొంగ దారి. ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు రిపోర్ట్ల చుక్కలు బాగ లేవని ఏరేస్తడు. అప్పుడు గూడ నీ టూల్ పచ్చ టిక్కే పెడ్తది."

నా వైపు చూసింది. తెలుగులోనే అంది, చాలా రోజుల తర్వాత.

"మీరున్నరు గద మేడం. సూస్తరు. రాస్తరు. తెర మీద సూపిస్తరు." కుర్చీ కొంచెం అటు తిప్పుకుంది. "ఈసారి ఎవల నాయినది సూపిస్తరు?"

నా రిపోర్టులో ఒక్క ముక్క తప్పు లేదు. ఇప్పుడు మళ్లీ చూసినా అదే రాస్తాను. ఆమెకు ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను. ఫోన్ మోగింది. ఆమె చెయ్యెత్తి నన్ను ఆగమంది, వరుసలో నిలబడ్డవాళ్లను ఆపినట్టు.

"చెప్పు కాకా. ఏ ఊరు? ఆఁ, ఎర్కే. ఏం భయపడకు. దుకాణపాయనకు ఫోనియ్యి... మామా, రాష్ట్రం ఖానాల చుక్క పెట్టు. ఆఁ, చుక్కనే. పేరు రాయకు. ఏ పేరు రాసినా మునుగుతరు."